చప్పుడు లేని బండి, చెవులున్న అడవి

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి సైకిల్ మీద పోతున్నానని ఇంట్లో చెప్పి చూడండి. ఎండ గురించి అడగరు, లారీల గురించి అడగరు. మొట్టమొదటి ప్రశ్న "పులి వస్తేనో?" అమ్రాబాద్ టైగర్ రిజర్వు మధ్యలోంచి పోయే రోడ్డు కనక ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. కానీ ఆ దారిలోనే కాదు, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ పల్లె దారి పట్టినా సైకిల్ తొక్కేవాణ్ణి కింద పడేసేవి, ఆస్పత్రి పాలు చేసేవి వేరే ఉన్నాయి. ఊరి చివర కుక్క, మొక్కజొన్న చేలోంచి దూసుకొచ్చే అడవి పంది, రోడ్డుకు అడ్డంగా ఎగిరే నెమలి, రోడ్డంచు గడ్డిలో పింజర. పులిని తలుచుకుని హడలిపోయేవాళ్లు వీటిని తలుచుకోరు.

దీనికి తోడు సలహాల గందరగోళం. గంట కొట్టుకుంటూ పొమ్మని ఒకరంటారు, కిక్కురుమనకుండా పొమ్మని ఇంకొకరు. ఆగి నిలబడమని ఒకరు, ఆగితే చచ్చావే అని మరొకరు. విచిత్రం ఏమిటంటే అందరూ చెప్పేది నిజమే, ఒక్కొక్కరు ఒక్కో జంతువును మనసులో పెట్టుకుని చెబుతారు. చిక్కంతా అక్కడుంది. ఎలుగుబంటికి పనికొచ్చేది ఏనుగుకు పనికిరాదు. కుక్క దగ్గర చేయాల్సింది పాము దగ్గర చేయకూడదు. ఇవన్నీ విడివిడిగా బట్టీపట్టే బదులు ప్రతి సందర్భంలో రెండు సంగతులు చూసుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. నేను వస్తున్నట్టు దానికి తెలుసా? తప్పుకోవడానికి దానికి చోటుందా?

ఇద్దరికీ ఒకటే వేళ

మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లు కోడి కూయకముందే ఎందుకు లేస్తారు? ఎండ భయం. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే తారు రోడ్డు మీద నిలవలేం. అందుకే చీకటితో బయల్దేరడం, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరడం, లేదంటే పొద్దువాలాక మళ్లీ ఎక్కడం. దుప్పి, కణితి, అడవి పంది, ఎలుగుబంటి, కుందేలు, నక్క వేసుకునే లెక్కా అచ్చంగా ఇదే. మధ్యాహ్నమంతా నీడపట్టున పడుకుంటాయి. వెలుతురు వచ్చీరాని వేళ, పోయీపోని వేళ మేతకో నీళ్లకో కదులుతాయి. కార్లో పోయేవాడు టిఫిన్ చేసుకుని తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరతాడు కాబట్టి వాడికి కోతులు తప్ప ఏమీ కనపడవు. మనం జంతువుల టైంటేబుల్ ప్రకారం రోడ్డెక్కుతున్నాం.

దూరపు రైడ్లు చేసేవాళ్లకు రాత్రి కూడా తప్పదు. బ్రెవెట్లలో, అంటే గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు రైడ్లలో, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు గడువు. ఎంత బాగా తొక్కినా అందులో కొన్ని గంటలు చీకట్లోనే గడుస్తాయి. అయితే అసలైన అడవిలో ఆ అవకాశం లేదు. శ్రీశైలం దారిలో ఇటు మన్ననూరు దగ్గర, అటు దోర్నాల వైపు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేసేస్తారు. ఈ నిబంధన మీద విసుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. నా మట్టుకు నాకు అది సైకిలిస్టులకు దొరికిన వరం. కాకపోతే దాంట్లో ఒక మెలిక ఉంది. తొమ్మిది గంటలపాటు ఒక్క బండీ తిరగని రోడ్డు అంటే జంతువుల లెక్కలో అది రోడ్డే కాదు, చదునైన ఖాళీ స్థలం. గేటు తీసిన వెంటనే మొదటి బండి మీ సైకిలే అయితే, అప్పటిదాకా అక్కడ పడుకున్నవాటిని, మేస్తున్నవాటిని లేపేది మీరే. రెండు బస్సుల్ని ముందు పోనిచ్చి, చాయ్ తాగి బయల్దేరితే పోయేదేం లేదు.

సైకిల్ చేసే మోసం

బస్సు వస్తుంటే కొండముచ్చుకు కూడా అర కిలోమీటరు ముందే తెలుస్తుంది. మోటార్‌సైకిల్ సంగతి చెప్పనక్కర్లేదు. కాలినడకన పోయేవాడు చప్పుడు చేయకపోయినా నెమ్మదిగా పోతాడు, దగ్గరయ్యేలోపు ఏ గాలికో వాసన తగులుతుంది, ఏ ఎండుటాకో చిటపటమంటుంది. సైకిల్ ఈ రెండింటికీ మధ్యలో పడింది. నడిచేవాడికి మూడు నాలుగు రెట్ల వేగం, నడిచేవాడికన్నా తక్కువ చప్పుడు. తొక్కుతున్నంతసేపు గొలుసుకు నూనె సరిగ్గా ఉంటే టైరు కింద చిన్న ఇసుక నలిగిన శబ్దం తప్ప ఏమీ ఉండదు. తొక్కడం ఆపితేనే వెనక చక్రం టికటికమంటుంది. అంటే అడవి దారిలో సైకిల్ కాస్తో కూస్తో వినపడేది దిగుడులోనే, కానీ అక్కడ వేగం ఎక్కువ కనక విన్న జంతువుకు కదిలే సమయం చాలదు.

లెక్క చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8 మీటర్ల పైచిలుకు. కంటికి ఆనింది బుర్రకెక్కి వేళ్లు బ్రేకు మీద బిగియడానికి ఒక సెకను పోతుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో ఏడు మీటర్లు. మొత్తం 15 మీటర్లు. ఘాటు రోడ్డు దిగుతూ 50 అందుకున్నారనుకోండి, ఆలోచించే సెకనులోనే 14 మీటర్లు కరిగిపోతాయి, ఆగడానికి మరో 20. వానపడిన రోడ్డయితే ఇంకా ఎక్కువ. ఘాటు మలుపుల్లో 34 మీటర్లు ముందుకు ఎక్కడ కనిపిస్తుంది?

2016 జూన్‌లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, గ్లేసియర్ నేషనల్ పార్కు పక్క అడవిలో సరిగ్గా ఇదే జరిగింది. అడవి బాటలో సైకిల్ మీద పోతున్న ఒక అటవీ శాఖ అధికారి మలుపు తిరుగుతూనే గ్రిజ్లీ ఎలుగుబంటిని గుద్దుకున్నాడు, దాని చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. తర్వాత విచారణ జరిపినవాళ్ల అంచనా ప్రకారం అతని వేగం గంటకు 32 నుంచి 40 కిలోమీటర్ల మధ్య ఉంది, ఎలుగు కనిపించాక మిగిలిన సమయం ఒకటి రెండు సెకన్లు. అడవిలో ఉద్యోగం చేసిన మనిషికే అంతకన్నా సమయం దొరకలేదు.

అలాగని సైకిల్ అంటే జంతువులకు ప్రత్యేకంగా పడదని అనుకోనక్కర్లేదు. యూటా రాష్ట్రంలోని యాంటిలోప్ ఐలాండ్‌లో చేసి 2003లో వెలువరించిన అధ్యయనంలో దుప్పులు, అడవి దున్నల్లాంటి జంతువులు నడిచేవాళ్లకు ఎంత బెదిరాయో సైకిల్‌వాళ్లకూ దాదాపు అంతే బెదిరాయి. బాటకు వంద మీటర్లలోపున ఉన్నవి లేచి పోయే అవకాశం 70 శాతం. దూరం నుంచి చూసిన జంతువుకు ఇద్దరూ మనుషులే. తేడా వచ్చేది చూడనప్పుడు, విననప్పుడు.

ఎలుగు ఎందుకు మీద పడుతుంది

నల్లమలలో తిరిగేవాళ్లను అడగండి, పులి పేరు ముందు చెప్పరు, ఎలుగు పేరు చెబుతారు. మన ఎలుగుబంటికి చూపు అంతంతమాత్రం. ముక్కు మాత్రం గట్టిది. చెదపుట్టను గోళ్లతో చీల్చి, మూతి లోపలికి పెట్టి, గాలి ఊదుతూ పీలుస్తూ చెదల్ని లాగేసేటప్పుడు అది చేసే రొదలో దానికి బయటి చప్పుడు వినపడదు. మీ రాక దానికి తెలియదు, దాని ఉనికి మీకు తెలియదు. పది మీటర్ల దగ్గర ఒకరికొకరు తారసపడతారు.

అప్పుడు జింకయితే పారిపోతుంది. ఎలుగు చాలాసార్లు మీదికే వస్తుంది. దీనికి పరిశోధకులు చెప్పే కారణం నాకు సబబుగా తోస్తుంది. ఈ జాతి వేల తరాలుగా పులులు తిరిగే చోట బతికింది. పులికి వెన్ను చూపిస్తే పని అయిపోతుంది. చెట్టెక్కినా చిరుత ఎక్కగలదు. దాంతో భయం వేసినప్పుడు లేచి నిలబడి, గోళ్లతో ముందు తానే కొట్టడం దీని బతుకుతెరువైంది. వీపున పిల్లలుంటే మరీను. ఎలుగుల్లో పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగేది ఈ జాతి ఒక్కటే. దానికి కోపం లేదు, ఆకలి కూడా లేదు, మనిషిని తినడానికి రాదు. బెదిరింది, అంతే. కానీ బెదిరిన ఎలుగు గోళ్లు ఎక్కువగా ముఖానికే తగులుతాయి.

కాబట్టి ఎలుగు తిరిగే చోట చేయాల్సింది ఒక్కటే, ముందుగా తెలియజేయడం. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే చెట్ల దగ్గర, వానలు తగ్గాక సీతాఫలాలు పండే గుట్టల దగ్గర, చలికాలంలో రేగు పొదల దగ్గర తెల్లవారుజామున పోతున్నప్పుడు గంట కొట్టండి. గుడ్డి మలుపుల్లో గట్టిగా మాట్లాడండి. అడవిలో తిరిగే చెంచులు ఒకరినొకరు పిలుచుకుంటూ, మాట్లాడుకుంటూ నడవడం ఊసుపోక చేసే పని కాదు. ఫోనులో పాటలు పెట్టుకుని పోతే ఆ శబ్దం మీ చెవికే, ఎలుగుకు కాదు. పైగా దాని రొద మీకు వినపడకుండా చేస్తుంది.

దూరంగా కనిపిస్తే ఆగిపోండి. వెనక్కి తిరిగి హడావిడిగా ఎక్కి తొక్కడానికి పోవద్దు, ఆ తిరిగే నాలుగైదు సెకన్లలో చైను జారడమో, కాలు జారడమో తప్పదు. సైకిల్‌ను మీకూ దానికీ మధ్య అడ్డంగా ఉంచుకుని, అటే చూస్తూ, నెమ్మదిగా వెనక్కి నడవండి. అయినా మీద పడితే బోర్లా పడుకుని చేతులతో మెడ వెనక భాగం కప్పుకోవాలి, హెల్మెట్ తీయకూడదు. ముఖం నేలవైపు ఉండడమే ముఖ్యం.

పంది వెనక పంది

అడవి పందికి అడవి అక్కర్లేదు. చెరకు, మొక్కజొన్న, వేరుశనగ ఉంటే చాలు, ఊరి పొలిమేర దాకా వస్తుంది. రాత్రంతా చేలో తిని తెల్లారేలోపు గుట్టకు పోయే దారిలో రోడ్డు దాటుతుంది, ఆ సమయానికి మనం అక్కడికి చేరుకుంటాం. చాలామంది పడిపోయేది మొదటి పందికి కాదు, మూడో పందికి. ఒకటి దాటింది, గండం గడిచిందని మళ్లీ తొక్కడం మొదలుపెడతారు. వెనక తల్లి ఉంటుంది, దాని వెనక చారల పిల్లలుంటాయి. ఒకటి కనపడితే ఆగి, రోడ్డుకు రెండు వైపులా చూసి, ఇరవై అంకెలు లెక్కపెట్టండి. తల్లికీ పిల్లలకూ మధ్య చక్రం పెడితే అది తప్పుకునే దారి మీరే మూసేసినట్టు.

ఈ పందుల వల్లే ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి సైకిల్ తొక్కేవాళ్లు మాట్లాడుకోగా నేను వినలేదు. పంట పోతుందన్న కసితో కొందరు చేను చుట్టూ సన్నని తీగ కట్టి రాత్రిపూట కరెంటు వదులుతారు. నేరమే, అయినా ఆగలేదు. పందుల కోసం పెట్టిన ఆ తీగలకు పులులు చచ్చాయి, పశువులు చచ్చాయి, పక్క పొలం రైతులు, సొంత ఇంటివాళ్లూ చచ్చారు. తెల్లవారుజామున ఒంటికో రెంటికో చేలోకి దిగే అలవాటున్న సైకిలిస్టుకు చిరుతపులి కన్నా ఆ తీగ దగ్గరి శత్రువు. మోకాలి ఎత్తులో ఉంటుంది, టార్చి వెలుగులో కూడా కనపడదు. చీకట్లో చేను గట్టు దాటొద్దు. రోడ్డంచునే ఎక్కడైనా కానిచ్చేయండి, ఆ వేళప్పుడు చూసేవాళ్లెవరుంటారు?

మనుబోతు, నెమలి కూడా చేల పక్క రోడ్ల మీద ఎదురవుతాయి. మగ నెమలి నాలుగు నుంచి ఆరు కిలోలుంటుంది, బరువుగా లేస్తుంది, లేచాక కొంతదూరం మనిషి ఛాతీ ఎత్తులోనే పోతుంది. జాతీయ పక్షి కదా అని ఫొటో కోసం దగ్గరికి పోతే అది రోడ్డుకు అడ్డంగానే ఎగురుతుంది. గేదెల మంద సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటికి దారి ఇవ్వడం మన తాతలనాటి నుంచీ అలవాటే.

ఊరి కుక్క

వన్యప్రాణి కాదని దీన్ని వదిలేస్తే ఈ వ్యాసం వల్ల ప్రయోజనం లేదు. ఎక్కువమంది పల్లె దారుల్లో భయపడేదీ, దెబ్బలు తగిలించుకునేదీ కుక్కల వల్లే. నిజానికి కరిచినవాటికన్నా కంగారులో ముందు చక్రం వంకర తిరిగి పడ్డవే ఎక్కువ.

కుక్క తరమడానికి రెండు కారణాలు. ఒకటి, దాని హద్దు. ఫలానా కొట్టం నుంచి ఫలానా వేపచెట్టు దాకా తనదని అనుకుంటుంది, అది దాటేదాకా వెంటపడుతుంది, దాటాక గెలిచాననుకుని వెనక్కి పోతుంది. రెండు, కదులుతున్న కాలు. గిర్రున తిరిగే పిక్క దానికి పరుగెత్తే మేకపిల్ల లాంటిదే. పిక్కబలం చూపించి తప్పించుకుందామనుకుంటే ఎదురుగాలిలోనో ఎత్తులోనో అది మీకన్నా వేగం. దిగుడులో, హద్దు అంచున ఉన్నప్పుడు మాత్రం తొక్కేసి పోవచ్చు. మిగతా చోట్ల వేగం తగ్గించి, గొంతు పెంచి "హేయ్, పో ఇంటికి!" అని గదమాయించడం బాగా పనిచేస్తుంది. మన ఊరి కుక్కలకు ఆ గొంతు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇంకా వస్తుంటే దిగి సైకిల్‌ను అడ్డం పెట్టుకుని నడవండి. కాళ్లు తిరగడం ఆగితే ఆట ఆగిపోతుంది. సీసాలో నీళ్లు ముఖాన చిమ్మడం కూడా పనిచేస్తుంది. కాలెత్తి తన్నబోయి పడ్డవాళ్లను చూశాను కనక ఆ సలహా ఇవ్వను. గుంపుగా పోయేటప్పుడు ఇంకో సంగతి. ముందున్నవాడు కుక్కను నిద్రలేపుతాడు, చివరివాడు అనుభవిస్తాడు. కుక్కలున్న చోట ఒత్తుగా కలిసి పోవడం మంచిది.

కరిస్తే, గీరినా సరే, అక్కడికక్కడే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. పల్లెల్లో ఏ బోరు దగ్గరైనా, ఏ ఇంటి ముందైనా నీళ్లు దొరుకుతాయి. సబ్బు అడిగితే కాదనేవాళ్లుండరు. పసుపు, సున్నం, కారం అద్దమంటారు, వద్దు. అదేరోజు మొదటి టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన రోజుల్లో మిగతావి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందు కూడా కావాలి, అది అన్ని చోట్లా ఉండదు, అందుకే పెద్దాస్పత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు లేదు. కోతి, నక్క, ముంగిస కరిచినా ఇదే పద్ధతి.

కోతుల విషయంలో నేను మొదట చెప్పిన రెండు ప్రశ్నలు చాలవు. మీరొస్తున్నట్టు దానికి తెలుసు, పోవడానికి చోటూ ఉంది, అయినా పోదు. మీ దగ్గర తిండి ఉందని కూడా దానికి తెలుసు. ఘాటు రోడ్ల మీద కార్ల కిటికీల్లోంచి అరటిపళ్లు విసిరే పుణ్యాత్ములు దానికి ఆ చదువు చెప్పారు. ప్లాస్టిక్ కవరు చప్పుడైతే తిండి, జేబు ఉబ్బెత్తుగా ఉంటే తిండి. వెనక జేబులో అరటిపండు కనపడేలా పెట్టుకుని ఆగితే వీపెక్కి తీసుకుంటుంది. తిండిని సంచీ లోపల పెట్టి జిప్పు వేయండి, వాటి గుంపు దగ్గర ఆగొద్దు, పళ్లు కనపడేలా నవ్వొద్దు. కోతి దాన్ని బెదిరింపుగా తీసుకుంటుంది. లాక్కుంటే ఇచ్చేయండి.

పాము: చక్రం కన్నా కాలు జాగ్రత్త

సైకిల్ మీద కదులుతున్నంతసేపు పాముకాటు అవకాశం చాలా తక్కువ. కాలు నేలకు దించిన క్షణం నుంచి లెక్క మారుతుంది. ఎదురుగా రెండు లారీలు పోటీపడి వస్తాయి, మీరు రోడ్డు దిగి పక్కనున్న గడ్డిలో కాలు మోపుతారు. పంక్చరవుతుంది, కంకర కుప్ప పక్కన కూలబడి ట్యూబు తీస్తారు, టైరు లీవరు గడ్డిలో పడితే చేత్తో తడుముతారు. కాటు పడేది ఇలాంటి చోట. పంక్చర్ వేసుకోవాలంటే గడ్డి లేని చోటు దాకా సైకిల్‌ను నడిపించుకుపోండి. చెప్పులతో కాకుండా బూట్లతో తొక్కండి. చీకట్లో తలకు కట్టుకునే లైటు ఒకటి ఉంచుకోండి.

రోడ్డు మీద పాము ఎందుకుంటుందంటే, దాని ఒంటికి సొంత వేడి లేదు. పొద్దుగూకాక కూడా తారు వెచ్చగా ఉంటుంది, దానికది కంబళి. తొలకరి తర్వాత కప్పల కోసం కూడా వస్తుంది. నేల అదురు పసిగట్టి తప్పుకునే జీవి అది, లారీ అదురు దానికి తెలుస్తుంది, సైకిల్ అదురు ఏపాటి? ఇక్కడ గంట కొట్టీ లాభం లేదు. రెండు మూడు మీటర్ల దూరంలో ఆగి, అది పోయేదాకా చూడటమో, తోక వైపునుంచి వెడల్పుగా తిరిగి పోవడమో చేయాలి. దాని మీంచి తొక్కేసి పోదామనుకుంటే ఆ చక్రం పక్కనే మీ పాదం తిరుగుతోందని గుర్తుంచుకోండి.

దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. సగం మరణాలు జూన్, సెప్టెంబరు మధ్యే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో తెలంగాణతో కలిపిన ఆంధ్రప్రదేశ్ ఉంది. చంపేవాటిలో ముఖ్యమైనవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకలో తిరిగే చిన్న పింజర. ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు తయారుచేస్తారు. అందుకని ఏ పాము కరిచిందో చూపించడానికి దాన్ని చంపి సంచిలో వేసుకుపోవాల్సిన పని లేదు. అలా చంపబోయి రెండో కాటు తిన్నవాళ్లున్నారు.

కాటు పడ్డాక సైకిల్ తొక్కుకుంటూ ఆస్పత్రికి పోకూడదు. కాలు ఆడినకొద్దీ విషం పాకుతుంది. కాలిని కర్రతోనో సైకిల్ పంపుతోనో కదలకుండా కట్టి, ఉంగరాలు, బిగుతు సాక్సులు తీసేసి, 108కి ఫోను చేయాలి, లేదా ఏ బండినైనా ఆపాలి. తాడుతో బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం అన్నీ సమయాన్ని తినేసేవే. కట్లపాము విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. గాయం దగ్గర వాపు, నొప్పి పెద్దగా ఉండవు. ఏమీ కాలేదులే అనుకుని ఇంటికి పోతారు. కొన్ని గంటల తర్వాత కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతుంది. అనుమానం ఉన్నా ఆస్పత్రిలోనే కూర్చోవాలి.

పెద్దవాటి సంగతి

చిరుతకూ పులికీ సంబంధించి చెప్పాల్సింది కొంచెమే. రెండూ మనిషి అలికిడికి తప్పుకుంటాయి. తప్పుకోని సందర్భాలు లేకపోలేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ ప్రాంతంలో పొలం పనికి పోయిన మహిళను పులి చంపింది. గమనించండి, ఒకటి చిన్నపిల్ల, ఇంకొకటి చేలో పని చేసుకుంటున్న మనిషి. ఎత్తు తక్కువగా కనపడడం, వంగి ఉండడం పిల్లి జాతికి వేట గుర్తులు. అందుకే వాటి ముందు కూర్చోవద్దు, వంగవద్దు, ఉరకవద్దు. సైకిల్ దిగి నిటారుగా నిలబడి, దాన్ని ముందుకు పట్టుకుని, అరుస్తూ వెనక్కి జరగండి. పిల్లలతో రైడుకు పోతే వాళ్లను మధ్యలో పెట్టుకోండి.

ఏనుగు దగ్గర పై మాటలన్నీ తారుమారు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల, ఉత్తరాన పార్వతీపురం మన్యంలో ఏనుగులు రోడ్ల మీదికి వస్తాయి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒంటరి ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతులను చంపింది. ఏనుగుంటే గంట కొట్టొద్దు, అరవొద్దు, లైటు ముఖాన వేయొద్దు. మీరొస్తున్నట్టు దానికి ఎలాగూ తెలుసు, వాసనలో దాన్ని మించింది లేదు. ఇక్కడ పనికొచ్చేది రెండో ప్రశ్న ఒక్కటే, దాని దారి ఎటు అన్నది. ఏనుగులు గంటకు 25 కిలోమీటర్ల దాకా వేగం అందుకోగలవని థాయిలాండ్‌లో కొలిచారు. చదును రోడ్డు మీద అప్పటికే కదులుతున్న సైకిల్ దాన్ని దాటేస్తుంది, నిలిచిన చోటు నుంచి మొదలుపెట్టినవాడు దాటలేడు. అందువల్ల వంద మీటర్ల ముందే ఆగి, సైకిల్‌ను తిప్పి, వచ్చిన దారి వైపు ముఖం పెట్టుకుని నిలబడండి. చెవులు విప్పి, తల ఎత్తి మీవైపే చూస్తుంటే ఇంకా వెనక్కి పొండి. ఒక్క పూట ఆలస్యమైతే ఆలస్యమే.

మన చక్రాల కింద

ఇంతసేపూ వాటివల్ల మనకేమవుతుందన్నదే మాట్లాడాం. ఉల్టా లెక్క కూడా ఉంది. సైకిల్ చేసే హాని లారీతో పోల్చలేం గానీ, సున్నా మాత్రం కాదు. తొలకరి జల్లుల తర్వాత ఎర్రమట్టి రోడ్ల మీద ఆరుద్ర పురుగులు, కప్పపిల్లలు, పీతలు, జెర్రులు నడుస్తాయి. గుంపుగా పోయే పది సైకిళ్ల ఇరవై చక్రాల కింద ఎన్నో నలుగుతాయి. వెలుతురు వచ్చేదాకా నెమ్మదిగా పోవడం ఒక్కటే చేయగలిగింది. రాత్రి లైటు వేస్తే గడ్డిలో వజ్రపు ముక్కల్లా చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి, అవి సాలెపురుగుల కళ్లు. కంగారుపడకండి. నేలకు మీటరు ఎత్తులో రెండు మెరుపులు కదలకుండా ఉంటే మాత్రం బ్రేకు వేయండి.

అభయారణ్యంలో జంతువును రెచ్చగొట్టడం, చెత్త పడేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. కెమెరా పట్టుకుని దుప్పి వెంట సైకిల్ దౌడు తీయించడం అందులోకే వస్తుంది. ఎనర్జీ జెల్ పొట్లం, చాక్లెట్ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. కోతుల చదువుకు మనం కొత్త పాఠం చేర్చనక్కర్లేదు.

రాయలసీమలో వాన పడ్డాక రోడ్డు మీద నక్షత్ర తాబేలు కనిపించవచ్చు. ముద్దొచ్చి ఇంటికి తీసుకుపోయేవాళ్లున్నారు, అదృష్టం తెస్తుందని కొనేవాళ్లూ ఉన్నారు. పెంచుకోవడం నేరం, అంతర్జాతీయ వ్యాపారం మీద 2019 నుంచి నిషేధం ఉంది. ముందు వెనక బండ్లు రావట్లేదని చూసుకుని, రెండు చేతులతో పెంకు పక్కల పట్టుకుని, నేలకు దగ్గరగా ఎత్తి, అది ఎటు ముఖం పెట్టి పోతోందో ఆ వైపు రోడ్డు దాటించండి. వచ్చిన వైపే వదిలితే మళ్లీ రోడ్డెక్కుతుంది. ఎత్తినప్పుడు భయంతో నీళ్లు వదులుతుంది, చేతి తొడుగులు తడుస్తాయి. మీ సీసాలో నీళ్లతో కడుక్కుని బయల్దేరండి.